ఏ మాటల్లో అన్నారు?

“మా అమ్మాయి ఫోన్లో మీ పేరు లేదండి. ‘బాబాయ్ గారు, బండి’ అని ఉంది. మీరు మాకు ఏ వైపు బాబాయ్ గారండీ?”

పెద్దాపురం నుంచి ఫోను. పెద్దాయన గొంతు. నేను చుట్టాన్ని కాదనీ, ద్రాక్షారామంలో అంబులెన్సు తోలే డ్రైవర్ననీ, మీ అమ్మాయి అదే బండిలో రోగుల్ని చూసుకుంటూ నాలుగేళ్ళు నాతో పనిచేసిందనీ చెప్పాను.

“జ్వరమండి. నాలుగు రోజులు. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. ఇవాళ పొద్దున్న పోయింది. ఫోన్లో ఉన్నవాళ్ళందరికీ వరసగా చెబుతున్నాను.”

“ఎన్నింటికండీ?” అన్నాను. కూతురు పోయిన మనిషిని అలా అడక్కూడదని నోట్లోంచి మాట వచ్చాక తెలిసింది. ఆయన మాత్రం తడుముకోలేదు. “ఎనిమిదీ ఇరవైకండి,” అన్నారు. ఆ తండ్రికే ఆ కూతురు అనుకున్నాను.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. మా చుట్టుపక్కల నా మాట ఎవరూ పూర్తిగా నమ్మరు. నమ్మరు గానీ టీ ఇప్పించి మరీ వింటారు. కోటిపల్లి రేవులో పంటు మీదకి బండి ఎక్కించి, గోదావరి మధ్యలో కానుపు చేయించి, పుట్టిన పిల్లకి పంటు తోలేవాడి చేత పేరు పెట్టించానని నేను చెప్పే కథ ఒకటుంది. నిజానికి పంటు ఒడ్డుకి చేరిన అరగంటకి ఆ పిల్ల పుట్టింది. అప్పుడు నేను ఒడ్డున పకోడీలు తింటున్నాను. ఇంకో కథలో కాలవ గట్టు మీద గేదెల మంద ఎదురొస్తుంది. హారను కొడితే బెదిరి కాలవలో పడతాయని కిటికీలోంచి తల బయటపెట్టి నేను పాట పాడితే, అవి గట్టు దిగి నాకు దారిచ్చాయి. ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ప్రతిసారీ మంద కొంచెం పెరిగేది.

“మొన్న పన్నెండు గేదెలన్నారు బాబాయ్ గారూ. ఇవాళ పదహారంటున్నారు,” అంది ఆవిడ పక్క సీట్లోంచి.

“మధ్యలో నాలుగు ఈనాయమ్మా.”

ఆవిడ నవ్వితే నోరు తెరుచుకునేది కాదు. భుజాలు మాత్రం రెండుసార్లు పైకీ కిందికీ కదిలేవి. నాకు అదే పెద్ద బహుమానం.

మనిషి పొట్టి, సన్నం. ముప్ఫై దాటిన వయసు. యూనిఫారం ఎప్పుడూ ఒక సైజు పెద్దది. చేతులు మడత పెట్టుకునేది. జేబులో రెండు పెన్నులు, వాటిలో ఒకటి గుండీకి దారంతో కట్టి ఉండేది. బండి కదలగానే వెడల్పాటి తెల్ల ప్లాస్టరు ఒక మూర చింపి, ఎడమ తొడ మీద పాంటుకి అంటించుకునేది. రోగిని ముట్టుకున్న దగ్గర్నుంచి జరిగిందల్లా దాని మీదకెక్కేది: ఎన్నింటికి చేరాం, నాడి ఎంత, బి.పి. ఎంత, ఏం మందు, ఎంత, ఎన్నింటికి. ఆస్పత్రికి చేరాక ఆ ప్లాస్టరు చూసి ఫారం నింపేది. నాలుగేళ్ళలో ఆవిడ పాంట్లన్నిటికీ ఎడం తొడ దగ్గర జిగురు మరక పలకలా పట్టేసింది.

మందు తియ్యాలంటే మూడుసార్లు పైకి చదివేది. పెట్టెలోంచి తీసేటప్పుడు ఒకసారి, మూత విరిచేటప్పుడు ఒకసారి, ఖాళీ సీసా పారేసేటప్పుడు ఒకసారి. పేరు, పవరు, ఎప్పటివరకు పనికొస్తుందో ఆ తారీఖు. “నాకెందుకమ్మా చదివి వినిపిస్తావు? నాకు తెలిసిన మందల్లా తలనొప్పి మాత్ర,” అనేవాణ్ణి. “మీకోసం కాదండి, నా చెవికోసం. కన్ను అలవాటుగా చూసేస్తుంది, చెవి ఒప్పుకోదు,” అనేది. వాళ్ళ నాన్నగారికి పెద్దాపురం బజార్లో కిరాణా కొట్టు. ఎవరేం అడిగినా ఆయన ముందు పైకి అని, తూచేటప్పుడు అని, పొట్లం చేతిలో పెట్టేటప్పుడు మళ్ళీ అనేవారట. ‘కందిపప్పు అరకిలో.’ ఆ కొట్లో కూర్చునే ఈవిడ పది దాకా చదువుకుంది.

ఫోన్లో ఉండే డాక్టరు గారితోనూ అంతే. మేము రోగి దగ్గరకి చేరాక ఆయనకి ఫోన్ చేసి పరిస్థితి చెబితే ఏ మందు ఇవ్వాలో ఆయన చెబుతారు. చెప్పింది ఈవిడ తిరిగి అప్పజెప్పేది. “విన్నావుగా, మళ్ళీ చెప్పక్కర్లేదమ్మా,” అని ఒకాయన విసుక్కున్నారు. “చెప్పాలండి. మీరు ‘అవును’ అనేదాకా నేను విన్నట్టు కాదండి,” అంది. ఆస్పత్రిలో రోగిని అప్పగించాక కూడా కదిలేది కాదు. అక్కడి సిస్టరు చేత అన్నీ తిరిగి అనిపించుకుని గానీ గుమ్మం దాటేది కాదు. “వచ్చిందమ్మా రేడియో,” అని వాళ్ళు మూతి తిప్పుకునేవారు. ఆవిడకి ఆ పేరు తెలుసు. “రేడియో కాదండి. రేడియోకి ఎవరూ తిరిగి చెప్పరు కదా,” అనేది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆవిడ అడిగే ప్రశ్న ఒక ఎత్తు: “ఏ మాటల్లో అన్నారు?”

ఒక ఇంట్లో ముసలావిడకి బాగోలేదని వెళ్ళాం. “గ్యాస్ అండి, పొద్దున్న పెసరట్టు తింది, గుండెల్లో మంటంటోంది,” అంది కూతురు. “మీరు కాదండి. అమ్మగారు ఏ మాటల్లో అన్నారు?” అని ఈవిడ. కూతురు తలగోక్కుని, “గుండెల మీద రోలు పెట్టినట్టుందే అందండి,” అంది. ఫారం అంతా ఇంగ్లీషే, మధ్యలో ‘గుండెల మీద రోలు పెట్టినట్టుంది’ అని తెలుగులో రాసింది. ఆ రోలు మాటకే ఫోన్లో డాక్టరు గారు లేచి కూర్చున్నారు. పెసరట్టు మాట రాసుకుని ఉంటే ఆ ముసలావిడ ఆ రోజే పోయేది.

ఇంకో ఇంట్లో ఇరవై ఏళ్ళ కోడలు పురుగుమందు తాగింది. “పొరపాటున తాగిందండి, మజ్జిగ సీసా అనుకుంది,” అంటున్నారు అందరూ ఒకేసారి. ఈవిడ ఎవరితోనూ వాదించలేదు. “సీసా తీసుకురండి,” అంది. పారేశాం అన్నారు. “పారేసిన చోటు చూపించండి,” అని పెంటకుప్ప దాకా వెళ్ళి, సీసా తీసి, చీటీ మీద పేరు చదివి డాక్టరు గారికి చెప్పి, సీసాని కవర్లో పెట్టి బండిలో వేసుకుంది. దారిలో ఫారం చూశాను. పొరపాటున తాగిందని ఇంట్లోవాళ్ళు చెప్పినట్టు ఒక లైను. దాని కింద, సీసా పెంటకుప్పలో గడ్డి కింద దొరికినట్టు ఇంకో లైను. “అసలు సంగతి రాయొచ్చుగా అమ్మా,” అన్నాను. “అసలు సంగతి నాకు తెలీదండి. వాళ్ళన్నది ఒక లైను, నేను చూసింది ఒక లైను. మూడో లైను మనది కాదు.” ఆ పిల్ల కాకినాడ చేరకుండానే పోయింది. పోయిన టైము కూడా రాసి, పెన్ను మూత పెట్టి, చాలాసేపు ఆ పిల్ల పాదం పట్టుకుని కూర్చుంది.

మూడో లైనులో బతికేవాణ్ణి నేను.

రెండో పంట కోతల కాలం అది. మా వైపు ఆ నెలల్లో రోడ్డుకి ఒక సగం బండ్లకి, ఒక సగం ఆరబోసిన ధాన్యానికి. ఎంత సైరను కొట్టినా ధాన్యం లేచి పక్కకి జరగదు కదా. ఒక పొద్దున్న పదిన్నరకి ఫోను వచ్చింది. ఆరు కిలోమీటర్ల దూరం ఊరు, గుండెనొప్పి. ఇల్లు చూశాక తెలిసింది, నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారి ఇల్లు. రిటైరయ్యి చాలాకాలమైంది. ఇప్పటికీ ఆయన రోడ్డు మీద ఎదురైతే యాభై ఏళ్ళ మగాళ్ళు సైకిలు దిగిపోతారు.

ముందు గదిలో మంచం మీద ఉన్నారు. చుట్టూ కొడుకు, కోడలు, ఇరుగుపొరుగు, మొత్తం ఎనిమిది మంది. భార్య నీళ్ళ గ్లాసు పట్టుకుని తల దగ్గర నిలబడింది. ఈవిడ చూడాల్సినవన్నీ చూసింది. ఏమేం మాత్రలు వాడతారని అడిగితే భార్య డబ్బా తెచ్చింది. బి.పి.వి, షుగరువి. ఒక్కొక్కటీ పైకి చదివింది. డాక్టరు గారికి ఫోన్లో చెప్పింది. ఆయన నాలుక కింద పెట్టే మాత్ర పెట్టమన్నారు, కానీ ముందు ఒక సంగతి కనుక్కోమన్నారు.

ఆ సంగతి ఇది. మగతనం కోసమని మగాళ్ళు మెడికల్ షాపులో నోటితో అడక్కుండా కాగితం ముక్క చూపించి కొనుక్కునే మాత్ర ఒకటుంటుంది. ఒకరోజు లోపల అది వేసుకుని ఉంటే, ఈ నాలుక కింద మాత్ర మందు కాదు, విషం. బి.పి. అమాంతం పడిపోతుంది.

ఆవిడ అందర్నీ బయటికి పంపింది. భార్యతో సహా. ఒక్కతే అడిగింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను కనక విన్నాను. మాస్టారు గోడవైపు తిరిగిపోయి, “కూతురు లాంటిదానివి. ఏంటమ్మా ఆ ప్రశ్న?” అన్నారు. అవుననలేదు, కాదనలేదు. ఆవిడ బయటికొచ్చి, “బాబాయ్ గారూ, మీరు మగవారు. మీకైతే చెబుతారు. ఒక్కరే వెళ్ళండి. సరిగ్గా ఈ మాటల్లో అడగండి: ‘నిన్నగానీ ఇవాళగానీ ఆ మాత్ర వేసుకున్నారా? వేసుకుని ఉంటే ఈ మందు ప్రాణం తీస్తుంది.’ ఏదీ, అనండి,” అంది.

అన్నాను. అక్షరం తప్పకుండా అన్నాను. ఆవిడ స్ట్రెచరు సర్దడానికి వెళ్ళింది. నేను లోపలికి వెళ్ళాను.

మాస్టారు నా మొహం చూసి, “నువ్వట్రా?” అన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ తరవాత. నా పేరు కూడా అన్నారు, ఇంటిపేరుతో సహా. “ఇంకా కోతలు కోస్తున్నావా?”

“లేదండి, మానేశానండి,” అన్నాను.

చెమటలు పడుతున్నాయి ఆయనకి. చెయ్యి పట్టుకున్నాను. బోర్డు మీద సుద్దముక్కతో కొలబద్ద లేకుండా సరళరేఖ గీసే చెయ్యి అది. ఆవిడ చెప్పిన మాటలు నోటి చివరే ఉన్నాయి. “ధైర్యంగా ఉండండి మాస్టారూ, ఏం ఫరవాలేదు,” అన్నాను. రెండు నిమిషాలు అలా చెయ్యి పట్టుకుని నిలబడి, బయటికొచ్చేశాను.

“అడిగానమ్మా. లేదన్నారు.”

“ఏ మాటల్లో అన్నారు?”

కథ అల్లడానికి నాకు రెప్పపాటు చాలు. “‘ఈ వయసులో నాకెందుకురా అవన్నీ? భీమేశ్వరుడి మీద ఒట్టు’ అన్నారమ్మా.”

ఆవిడ ప్లాస్టరు మీద అదంతా రాసింది. డ్రైవరు అడిగినట్టు, రోగి ఇలా అన్నట్టు, టైము పది యాభై రెండు. మాత్ర పేరు మూడుసార్లు చదివింది. నాలుక కింద పెట్టింది.

బండి ఊరు దాటకముందే వెనకనుంచి ఆవిడ గొంతు మారింది. బి.పి. పడిపోతోంది. చొక్కా గుండీలు విప్పితే లోపల కుట్టించుకున్న జేబు బనీను. జేబులో సగం చింపిన రేకు. నాలుగు మాత్రల్లో రెండు లేవు. ఆవిడ దాని పేరు పైకి చదివింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి కూడా చదివింది. కాళ్ళు ఎత్తి పెట్టింది, సెలైను పూర్తిగా తిప్పేసింది, డాక్టరు గారికి ఫోన్ చేసి, “మాత్ర దొరికిందండి. ఎప్పుడు వేసుకున్నారో తెలీదండి. నేను ఇచ్చింది పది యాభై రెండుకండి,” అంది. నన్ను ఒక్కమాట అనలేదు. కిటికీలోంచి, “ఎక్కడున్నాం బాబాయ్ గారూ?” అని మాత్రం అడుగుతూ వచ్చింది. నేను ఊళ్ళ పేర్లు చెబుతూ వచ్చాను. రోడ్డంతా ధాన్యం. ఆ రోజు ఎవరి ధాన్యం మీంచో తొక్కించుకుంటూ పోయాను, వెనక తిట్లు వినపడుతూనే ఉన్నాయి.

కాకినాడలో ఆస్పత్రి వాళ్ళు గంటసేపు ప్రయత్నం చేశారు. దక్కలేదు.

వరండాలో కొడుకు ఆవిడ దగ్గరకొచ్చాడు. ముందు రెండు చేతులూ జోడించే అడిగాడు. “ఆ మాత్ర పేరు కాగితంలోంచి తీసెయ్యమ్మా. ఊళ్ళో మా నాన్నగారంటే ఏంటో మీకు తెలీదు. ఆయన పోయింది చాలదా, నవ్వులపాలు కూడా అవ్వాలా?”

“అది చూసే కదండీ లోపల డాక్టర్లు ఇంతసేపూ వైద్యం చేశారు. ఇప్పుడు తీసేస్తే వాళ్ళు చేసినదానికి అర్థం ఉండదండి. ఈ కాగితం బజార్లో పెట్టేది కాదండి. ఎవరూ చూడరండి.”

“మీరు తియ్యరన్నమాట.”

“తియ్యలేనండి.”

నేను కూడా బతిమాలాను. టీ బండి దగ్గరకి తీసుకెళ్ళి, “ఒక్క లైనమ్మా. అది లేకపోతే ఇది మామూలు గుండెపోటు. నీకూ గొడవ లేదు, నాకూ లేదు,” అన్నాను.

“ఆ లైను పక్కన మీ మాట కూడా ఉంది బాబాయ్ గారూ. మాస్టారు ఒట్టేసి చెప్పారని. అదీ తీసెయ్యమంటారా?” అంది. నిజంగా అడిగింది, వెటకారం లేదు. నేను టీ గ్లాసు కడుక్కోవడానికి వెళ్ళాను.

కొడుకు కంప్లయింటు పెట్టాడు. అడక్కుండా, తెలుసుకోకుండా మందు పెట్టి చంపేసిందని. రెండు వారాల తరవాత ఆఫీసులో విచారణ. ముందు నన్ను పిలిచారు. “నువ్వు పేషెంటుని అడిగావా?” “అడిగానండి.” “ఏమన్నాడు?” నేను చెప్పాను. ఈ వయసులో నాకెందుకురా అవన్నీ, భీమేశ్వరుడి మీద ఒట్టు. ఆ గదిలో నేను ‘అడగలేదు’ అని ఉంటే నా ఉద్యోగం పోయేది. ఆవిడది నిలిచేదేమో. అది తెలిసే చెప్పాను.

అధికారి ఆవిడవైపు తిరిగి, “డ్రైవరు చేత అడిగించడమేంటమ్మా? మందు ఇచ్చేది నువ్వు. నువ్వు మళ్ళీ వెళ్ళి ఖాయం చేసుకోవాలి కదా,” అన్నారు.

“అవునండి. వెళ్ళాల్సిందండి. అందరి చేతా రెండుసార్లు చెప్పిస్తాను, బాబాయ్ గారి చేత చెప్పించలేదండి. తప్పు నాదేనండి,” అంది.

ఉద్యోగం తీసేశారు. ఆ సాయంత్రం బండిలోంచి తన బూట్లు, టిఫిను డబ్బా తీసుకుని, మందుల పెట్టె ఒకసారి తెరిచి చూసి, “పైవరసలో రెండిటికి ఈ నెలాఖరుకి గడువైపోతుంది, కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పండి,” అని వెళ్ళిపోయింది.

మళ్ళీ చూసింది ఒక్కసారే. మరుసటి ఏడు పెద్దాపురంలో మరిడమ్మ జాతర. జనం తొక్కిడి ఉంటుందని మా బండిని బజార్లో పెట్టమన్నారు. మధ్యాహ్నం ఎండలో బండి నీడన కూర్చుంటే ఎదురుగా కొట్లోంచి మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆవిడే వచ్చింది. నాన్నగారు భోజనానికి వెళ్ళారట. కొట్టు గట్టు మీద కూర్చోబెట్టింది. చీరలో ఇంకా చిన్నగా కనిపించింది. ఊసుపోక గేదెల కథ ఎత్తుకున్నాను. ఈసారి ఇరవై రెండు. భుజాలు కదిలాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

“ఒక్కసారి మాస్టారి మాట చెప్పండి బాబాయ్ గారూ. ఆ రోజు ఏ మాటల్లో అన్నారు?”

చెప్పాను. ఈ వయసులో నాకెందుకురా అవన్నీ, భీమేశ్వరుడి మీద ఒట్టు.

ఆవిడ తల ఊపింది. “గేదెలు మీకు ఏ రెండుసార్లూ ఒక లెక్కలో ఉండవు. పంటు మీద కానుపుకి ఒకసారి ఆడపిల్ల, ఒకసారి కవలలు. ఈ ఒక్క మాట మాత్రం ఆ రోజూ, ఆఫీసులోనూ, ఇవాళా ఒకటే. అప్పజెబుతున్నట్టు చెబుతున్నారు. అడగలేదు కదా?”

గ్లాసులో మజ్జిగ అడుగున కరివేపాకు చూస్తూ కూర్చున్నాను. “లేదమ్మా,” అన్నాను.

“ఎందుకని?”

“నాకు లెక్కలు చెప్పారమ్మా.”

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

“బయటికొచ్చి, ‘నా వల్ల కాలేదమ్మా’ అని ఒక్క ముక్క అంటే అయిపోయేది కదండీ. నేనే మళ్ళీ వెళ్ళి, కాళ్ళు పట్టుకునైనా అడిగేదాన్ని.”

ఎవరో వచ్చి శనగపప్పు కిలో అడిగారు. ఆవిడ లేచి, శనగపప్పు కిలో అని, తూచి, శనగపప్పు కిలో అని చేతిలో పెట్టి, తిరిగొచ్చి కూర్చుంది.

“ఆఫీసులో చెప్పమనడం లేదండి. ఆ ఉద్యోగం ఇంక నాకు ఇవ్వరు. మీది పోగొట్టి ఏం చేసుకోను? మాస్టారింట్లో మాత్రం చెప్పండి. ఆవిడా, ఆ పిల్లలూ నేను అడక్కుండా పెట్టేశాననుకుంటున్నారు. అన్నం తినేటప్పుడల్లా గుర్తొస్తుంది బాబాయ్ గారూ. అదొక్కటీ చెప్పండి.”

“రేపే వెళ్తానమ్మా,” అన్నాను.

వెళ్ళలేదు. జాతర అయిపోయింది, దసరా వెళ్ళింది, కోతలొచ్చాయి. ఆ ఊరికి ఇంకో రోగి కోసం రెండుసార్లు వెళ్ళి, మాస్టారి వీధి తప్పించి చుట్టు తిరిగి వచ్చాను. ఆ తరవాత పెద్దాపురం నుంచి ఫోను.

దహనానికి వెళ్ళొచ్చిన మర్నాడు, ఎండెక్కాక మాస్టారింటికి వెళ్ళాను. కొడుకు కాకినాడలో పనికి వెళ్ళిపోయాడు. మాస్టారి భార్య వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి పీట వేయించింది. నా జీవితంలో ఏ కథా అంత చిన్నగా చెప్పలేదు. ఆ అమ్మాయి అడగమంది, నేను అడగలేదు, అడిగానని చెప్పాను, నన్ను నమ్మి మందు పెట్టింది. అంతే.

ఆవిడ చేతులు ఆగలేదు. నాలుగు గింజలు తీసి పళ్ళెంలో వేశాక అంది:

“ఆ బిళ్ళల సంగతి నాకు తెలుసు బాబూ.”

నేను తలెత్తాను.

“బనీన్లు ఉతికేది నేనే కదా. జేబులో తగిలేవి. చూడనట్టు బల్లమీద పెట్టి, ఆరేశాక మళ్ళీ జేబులో పెట్టేదాన్ని. ఆ ముందు రోజు కూడా వేసుకున్నారు.”

“మరి...”

“నన్నెవరూ అడగలేదుగా. అందర్నీ బయటికి పంపారు, నేనూ వచ్చి గుమ్మం అవతల నిలబడ్డాను. ఆ అమ్మాయి నా పక్కనుంచే నీ దగ్గరకొచ్చింది. నన్ను ఇవతలకి పిలిచి చెవిలో అడిగి ఉంటే చెప్పేసేదాన్ని. నా అంతట నేను చెబుదామంటే ఇటు కోడలు, అటు పక్కింటివాళ్ళు. నోరు పెగల్లేదు.” చింతపండు ముద్ద తిరగేసింది. “మావాడు ఆ పిల్ల మీద కాగితం పెడుతున్నప్పుడు కూడా పెగల్లేదు. ఆయన పోయారు, ఈ మాట నాతో పోతుందిలే అనుకున్నాను. ఆ పిల్ల సంగతి ఆలోచించలేదు. ఉద్యోగం పోయిందట కదా?”

“పోయిందండి.”

“నువ్వు నాకో పని చేసిపెట్టు. తప్పు తనది కాదని ఆ పిల్లకి చెప్పు. తెలిసినదాన్ని నేను ఉండి నోరు మూసుకున్నానని చెప్పు. నేనే వెళ్ళి చెబుదామంటే మోకాళ్ళు సహకరించవు. ఎక్కడుంటోంది ఇప్పుడు?”

“పెద్దాపురమండి.”

“బాగుందా?”

ఆవిడ నా కళ్ళలోకి చూస్తోంది. చేతిలో చింతపండు అలాగే ఉంది.

“బాగుందండి. వాళ్ళ నాన్నగారి కొట్లో కూర్చుంటోందండి. మొన్న నాకు మజ్జిగ కూడా ఇచ్చిందండి.”

“చెబుతావు కదూ?”

“రేపే వెళ్ళి చెబుతానండి.”